కిరీటం గుర్తున్న రైఫిల్

ఈ సంగతి జరిగిన రోజుల్లోనే రాసిపెట్టుకోవాలనుకున్నాను. రాయడం రాదు కాబట్టి రాయలేదు. మా ఇంట్లో ఆడపిల్ల చేతికి పలక రాకముందే బీడీల చాట వచ్చేది. తునికాకు కత్తిరించడం, తంబాకు నింపి చుట్టడం, దారం కట్టడం, సాయంత్రం కట్టలు కార్ఖానాకు మోసుకెళ్లడం. పెళ్లయ్యాక అత్తగారింట్లోనూ అదే పని. మా ఆయన పోయాక ఖతార్ వచ్చి ఈ ఇంట్లో కుదిరాను. యాభై దాటాక నా కోడలు వీడియో కాల్‌లో నాతో అక్షరాలు దిద్దించింది. నేను రాసిన కాగితం ఫోన్‌కు చూపిస్తే అక్కడి నుంచి నవ్వేది.

"అత్తా, గిట్ల రాస్తే ఎవలు సదువుతరే?"

"నువ్వు సదువుతున్నవ్ గదా."

"నీ కోడల్ని గాబట్టి సదువుతున్న. బయటోళ్లయితే పారిపోతరు."

మా ఊళ్లో మాత్రం నేను ముసలితనంలో దుబాయ్‌లో బడికి పోతున్నానని చెప్పుకుంటారట. ఖతార్ అని ఎన్నిసార్లు చెప్పినా వాళ్లకు ఇది దుబాయే. ఆ రైఫిల్ సంగతి జరిగేనాటికి నాకు నా పేరు రాయడం, బోర్డుల మీది తెలుగు కూడబలుక్కోవడం మాత్రమే వచ్చు. ఇప్పుడు పేజీలు నింపగలను కాబట్టి రాస్తున్నాను.

నేను పనిచేసే ఇంటి పెద్దాయన్ను అందరిలాగే నేనూ బాబా అంటాను. భార్య లేదు. పిల్లలు వేరే ఇళ్లలో ఉంటూ శుక్రవారం వచ్చిపోతారు. ఇంట్లో ఆయన, ఆయన అక్క, వంటకూ వాళ్లిద్దరి మంచిచెడ్డలకూ నేను. ఆ అక్కగారిని యుమ్మా అంటాం. ఇక్కడ తల్లిని అలాగే పిలుస్తారు. ఆమె ముఖానికి పాతకాలపు బత్తూలా పెట్టుకుంటుంది. కళ్ల చుట్టూ, ముక్కు మీదుగా వచ్చి పెదవి పైన మీసంలా నిలిచే ఆ ముసుగు చూసి వచ్చిన కొత్తలో భయపడ్డాను. ఆ ముసుగు వెనక మనిషి రోజంతా నవ్వుతూనే ఉంటుందని తర్వాత తెలిసింది.

బాబాకు ప్రాణమైన వస్తువు ఒకటుంది. బయటి మజ్లిస్‌లో, అంటే మగవాళ్లు కూర్చునే పెద్ద గదిలో, గోడకు తగిలించిన పాత రైఫిల్. కింద కడ్డీ లాగితే నోరు తెరిచి ఒక్క తూటా మింగే రకం. లోపలి పేలే ముక్క ఎప్పుడో తీయించేశారు. సర్కారు కాగితం కూడా ఉంది. అది ఆయన తండ్రిది. ఆ తండ్రి ముత్యాల పడవ నడిపినవాడు. ఒకసారి సముద్రంలో మునిగిపోతున్న ఒక ఇంగ్లీషు ఫౌజు ఆఫీసర్ను కాపాడితే, ఆ ఆఫీసర్ ఫౌజులో తనకిచ్చిన రైఫిల్‌నే బహుమానంగా ఇచ్చాడట. ఈ కథ బాబా తన అతిథులకు చెప్తుంటే తలుపు బయట ట్రే పట్టుకుని నిలబడి నేను చాలాసార్లు విన్నాను. ఆఫీసర్ తడిసిన మీసాల దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ ఆయన గొంతు మారేది. రైఫిల్ దించి, ఇనుము మీద చిన్న కిరీటం గుర్తు చూపించేవాడు. "చూడండి, రాజుగారి ఫౌజుది."

అల్ షహానియా వైపు ఒక హాల్లో పాత కుటుంబాల వస్తువులు కొద్దిరోజులు చూపిస్తామని, రైఫిల్ కూడా పంపమని బాబాను అడిగారు. పక్కన పెట్టే కార్డు మీద దాని కథ రాసి ఇమ్మన్నారు. ఆయన చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. ఆ వారమే దూరపు చుట్టం ఒకాయన మజ్లిస్‌లో రైఫిల్‌ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి నవ్వాడు.

"దీన్ని ఫౌజుదంటే హాల్లో నవ్వుతారు. ఇలాంటి నకళ్లు బజార్లో బోలెడు దొరుకుతాయి."

 ఆ చుట్టం వెళ్లాక కాఫీ గ్లాసులు తీయడానికి వెళ్లాను. బాబా రైఫిల్ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"మా నాన్న నోట అబద్ధం రాలేదు. ఇది నకలైతే ఆయన నాకు అబద్ధం చెప్పినట్టే కదా?" అన్నాడు. వచ్చీరాని హిందీ, అరబీ కలిపి మేమిద్దరం మాట్లాడుకుంటాం.  "నిజం తెలుసుకుంటాను. అబద్ధమైతే గోడ మీద కూడా ఉండదు," అన్నాడు.

అలా ఇండస్ట్రియల్ ఏరియాకు వెళ్లాం. బాబాకు మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా పక్కన నేనుండాల్సిందే. అక్కడ పాత కత్తుల పిడులు, కాఫీ కుండల ముక్కులు, పాత తుపాకుల కొయ్యలు బాగుచేసే ఉస్తాద్ ఒకాయన ఉన్నాడని డ్రైవర్ చెప్పాడు. షెడ్డులో లేత్ మిషన్ పక్కన తెల్లగడ్డంతో బక్కపల్చటి మనిషి. నేను బాబాకు కుర్చీ వేస్తూ "జర ఆగు, పడ్తవ్" అని నాలో నేను గొణుక్కున్నది వినేశాడు.

"ఏ ఊరు అక్కా మీది?"

"మెట్‌పల్లి దిక్కు. మీదో?"

"బోధన్. అరే వా, షెడ్డుల తెలుగు ఇనక ఎన్నొద్దులాయె. కూసో, చాయ్ తాగు."

"చాయ్ తర్వాత. ముందు మా బాబా తుపాకి చూడున్రి భాయ్. ఆయనకు నిద్ర పడ్తలేదు."

భాయ్ చేతులు కడుక్కుని, పొడి గుడ్డ పరిచి, దాని మీద రైఫిల్ పెట్టాడు. కిరీటం దగ్గరికి ముందు వెళ్తాడనుకున్నాను. దాని జోలికే పోలేదు. మొదట స్క్రూలు చూశాడు. ఒకటొకటి వేలితో తడిమాడు. తర్వాత ఇనుము, కొయ్య కలిసే చోట గోరు పెట్టి చివరి దాకా లాగాడు. కడ్డీ లాగి, చిన్న లైటు వేసి గొట్టం లోపలికి చూశాడు. బాబాకు కళ్లు సరిగా కనపడవు. ఉస్తాద్ ముఖం వైపు చూస్తూ కూర్చున్నాడు. భాయ్ నాతో తెలుగులో మాట్లాడుతూ పని చేశాడు.

"గుర్తులు ఆఖరికి చూడాలె అక్కా. గుర్తు ఎవడైనా కొడ్తడు. ముందు పని చూడాలె. బజార్ మాల్ అయితే చేత్తో ఆకురాయి పెట్టి అరగదీస్తరు. అంచులు వంకర ఉంటయి, ఒక స్క్రూ ఇంకో దాంట్ల పట్టది. కొట్టిన కిరీటం గూడ తాగినోని లెక్క ఒరుగుతది. ఇది గట్ల లేదు. మిషన్ మీద పద్ధతిగ చేసిన్రు."

"అంటే ఫౌజుదే గదా!" నా గొంతు లేచింది. బాబా అది గమనించి కుర్చీలో ముందుకు జరిగాడు.

"ఆగు అక్కా, ఎందుకంత జల్దీ?"

నా చేతికి భూతద్దం ఇచ్చాడు. ఇనుము మీద కిరీటం, దాని కింద రెండు అక్షరాలు. ఆ రైఫిల్‌ను మెత్తటి గుడ్డతో ఎన్ని వారాలు తుడిచానో. నాకు అవి ఎప్పుడూ ఆకుల డిజైన్‌లాగే కనపడేవి. అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టాక, తెలియని భాషలోవైనా అవి అక్షరాలని తెలిసిపోతోంది. నాకు అది చెప్పాలనిపించింది గానీ సమయం కాదని ఊరుకున్నాను.

"కిరీటం నిజమైనదే. గని ఫౌజు కిరీటం గాదు," అన్నాడు భాయ్. "ఇంగ్లీషోళ్ల దేశంల ఏ కంపెనీ తుపాకి చేసినా అమ్మే ముందు పరీక్ష ఆఫీసుల పేల్చి చూస్తరు. పగలకపోతే గీ కిరీటం కొడ్తరు. వేటకు కొన్నోడి తుపాకి మీద గూడ ఉంటది. ఫౌజుదైతే బాణం గుర్తు ఉండాలె. ఇనుము మీద, కొయ్య మీద, చిన్న చిన్న ముద్రలు బొచ్చెడు ఉండాలె. దీని మీద ఒక్కటి లేదు."

"ఎవరన్న గీకేసిన్రేమో?"

"మంచిగ అడిగినవ్. ఇక్కడ వేలు పెట్టు." నా వేలును కొయ్య, ఇనుము కలిసే చోట పెట్టించాడు. కొయ్య ఇనుము కన్నా వెంట్రుకవాసి ఎత్తుగా తగిలింది. "కొత్తగ చేసినప్పుడు కొయ్యను గిట్లనే కొంచెం పైకి ఉంచుతరు. గీకి ఉంటే ఇనుము కంటె కిందికి పోయేది. ఎవ్వడు గీకలే. అసలు ముద్ర పడలే. ఫౌజు తుపాకి నక్షా చూసి ఏదో కంపెనీ అమ్మకానికి చేసింది. నకలే. మోసం మాల్ మాత్రం గాదు. గొట్టం లోపల చూసిన, అద్దం లెక్క ఉన్నది. ఎక్కువ కాల్చలే."

నా చేతిలో భూతద్దం అలాగే ఉండిపోయింది. బీడీల రోజుల్లో కార్ఖానాలో మా కట్టలు విప్పి, బాగాలేనివి ఏరి పక్కన పడేసే మనిషి ముందు మళ్లీ నిలబడ్డట్టే అయింది. ఈసారి ఆ కుర్చీలో కూర్చున్న ముసలాయన కోసం.

"గాయనకు నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?" అన్నాడు భాయ్.

"నాకెందుకు భాయ్ ఆ పాపం? ఉస్తాద్ అని పేరు నీకున్నది. నువ్వే చెప్పు."

"పేరు వచ్చినకాడికెల్లి గిసువంటి కష్టాలే." గడ్డం గోక్కున్నాడు. తర్వాత బాబా వైపు తిరిగి, ఇరవై ఏళ్లుగా ఇక్కడున్నవాళ్లు మాట్లాడే చక్కటి అరబీలో, "ఇలాంటి మాట షెడ్డులో నిలబడి చెప్పకూడదు. రేపు సాయంత్రం అసర్ నమాజు తర్వాత మీ ఇంటికి వస్తాను," అన్నాడు.

కారులో బాబా నన్ను అడిగాడు. "మీ భాషలో అంతసేపు ఏం చెప్పాడు?"

"స్క్రూల సంగతి."

"స్క్రూల సంగతికి నీ ముఖం అలా ఎందుకైంది?"

"ఆకలైతుంది బాబా."

ఆయన నవ్వలేదు. ఇంటికి వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు.

మర్నాడు భాయ్ ఇస్త్రీ బట్టలు వేసుకుని, అత్తరు పూసుకుని వచ్చాడు. బయటి మజ్లిస్‌కు మెట్లున్నాయి. ముందురోజు తిరుగుడుకు వాచి, బాబా మోకాలు ఆ రోజు ఎక్కనివ్వలేదు. అందుకని ఇంటి లోపలి గదిలోనే కూర్చున్నారు. అక్కడ ఒక మూల యుమ్మా రోజూ కూర్చునే పరుపు ఉంది. ఆమె తస్బీ, అంటే జపమాల, చేతిలో పట్టుకుని కళ్లు మూసుకుని గోడకు ఆనుకుని ఉంది. నిద్రపోతోందనే అనుకున్నాను. కాఫీ నేనే పోశాను. ఏలకులు, కుంకుమపువ్వు వేసిన పచ్చటి కాఫీ, పిడి లేని చిన్న గ్లాసులో అడుగున కొంచెం.

భాయ్ గ్లాసు అందుకుని, తాగకుండా ముందు పెట్టేశాడు.

 ఈ దేశంలో అతిథి కాఫీ ముట్టకుండా పెట్టేస్తే దానికి అర్థం ఉంది. అతనికి ఏదో కోరిక ఉంది, అది తీరుస్తానని ఇంటి యజమాని మాట ఇస్తే గానీ తాగడు. ఇక్కడివాళ్లలోనే ఇప్పటి కుర్రకారుకు ఇది తెలియదు. బోధన్ మనిషికి తెలుసు.

బాబా గ్లాసు వైపు, మనిషి వైపు చూశాడు. "కాఫీ తాగు ఉస్తాద్. ఏం కావాలన్నా ఇచ్చాను."

"నేను ఏం చెప్పినా మీరు మీ నాన్నగారి మీద కోపం పెట్టుకోకూడదు."

 బాబా తల ఊపాడు. "ఇచ్చాను," అన్నాడు.

భాయ్ కాఫీ తాగి, గ్లాసును నాకేసి ఊపి, చాలని సైగ చేశాడు. తర్వాత ఒక్కొక్కటిగా చెప్పాడు. స్క్రూలు, కొయ్య అంచు, పరీక్ష ఆఫీసు కిరీటం, లేని బాణం గుర్తు. నాకు చెప్పినంత సరదాగా చెప్పలేదు. ఫౌజులో ఎన్నడూ లేని రైఫిల్ ఇది, ఆఫీసర్‌కు ఫౌజు ఇచ్చిన రైఫిల్ అయ్యే వీల్లేదు అన్నాడు. "మంచి కంపెనీ పని. దీన్ని చేసినవాళ్లు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు."

"సిగ్గుపడాల్సింది నేను," అన్నాడు బాబా. "మా నాన్న మాట పట్టుకుని ఇంతమందికి చెప్పాను. ఆ ఆఫీసర్, ఆ తుఫాను..."

"ఏ ఆఫీసర్?"

అందరం మూలకు తిరిగాం. యుమ్మా కళ్లు తెరిచే ఉన్నాయి.

"నాన్న కాపాడిన ఆఫీసర్, అక్కా. రైఫిల్ ఇచ్చినవాడు," అన్నాడు బాబా.

"నాన్న ఆఫీసర్ను కాపాడాడా? ఎప్పుడు?"

"అదే, తుఫానులో..."

యుమ్మా నవ్వడం మొదలుపెట్టింది. ముసుగు కదిలేంత నవ్వు. తస్బీ జారి పరుపు మీద పడింది. "ఒరే పిచ్చివాడా! అది నాన్న మస్కట్‌లో దుకాణంలో కొన్నది! ఇంటికి తెచ్చి అమ్మ ముందు మూట విప్పినప్పుడు నేను అమ్మ పక్కనే కూర్చుని ఉన్నాను. నువ్వు ఇంకా పుట్టలేదు. దుకాణంవాడు రెండు పెట్టాడట. ఒకటి ఫౌజు నుంచి వచ్చిన పాతది, ఇంకొకటి కంపెనీ కొత్తది. ఫౌజుదే గొప్పదని వాడు ఊదరగొట్టాడట. నాన్న రెండింటి లోపలా చూసి కొత్తది తీసుకున్నాడు. 'ఎవడో సిపాయి అరగదీసి పారేసింది నాకెందుకు?' అని అమ్మతో అన్నాడు. ఆ మాటకు అమ్మ ఎంత నవ్విందో!"

బాబా ఆమె వైపు వంగాడు. "మరి ఆఫీసర్ కథ?"

"అది మీ పెద్దన్న పని అయి ఉంటుంది. వాడు చిన్నప్పుడు కోడి తప్పిపోయినా దొంగల ముఠా వచ్చిందని చెప్పేవాడు. నీకు ఈ కథ నాన్న చెప్పాడా, వాడా?"

బాబా ఆలోచించాడు. నుదురు రుద్దుకున్నాడు. "అన్నే," అన్నాడు మెల్లగా. "అన్న చెప్తుంటే నాన్న అక్కడే ఉన్నాడు. నవ్వుతూ ఉన్నాడు. అవుననలేదు, కాదనలేదు."

"పిల్లాడు అంత బాగా చెప్తుంటే ఏ తండ్రి కాదంటాడు?"

"ఇన్నేళ్లు నువ్వెందుకు చెప్పలేదు అక్కా? ఈ కథ నేను వెయ్యిసార్లు చెప్పి ఉంటాను!"

"ఎక్కడ చెప్పావు? మీ మగవాళ్ల మజ్లిస్‌లో! నేను ఎప్పుడైనా అందులో అడుగుపెట్టానా? గోడ మీద నాన్న తుపాకి ఉందని తెలుసు. దాని కింద కూర్చుని మీరేం కోతలు కోస్తున్నారో నాకేం తెలుసు? ఈ రోజు నీ మోకాలు పుణ్యమా అని నా గదిలో కూర్చున్నారు కాబట్టి విన్నాను."

అప్పుడు బాబా నవ్వాడు. నవ్వుతూనే తలగుడ్డ కొసతో కళ్లు తుడుచుకున్నాడు. ఆ రెండు పనులూ ఒకేసారి చేస్తున్న మనిషిని చూసి భాయ్ తల దించుకుని తన చెప్పులు చూసుకున్నాడు. నేను భాయ్ ఖాళీ గ్లాసులో కాఫీ పోసేశాను. చాలని సైగ చేసిన మనిషికి మళ్లీ పోయడం ఇక్కడ తప్పే. భాయ్ తాగేశాడు.

"నాన్న అబద్ధం చెప్పలేదు," అన్నాడు బాబా నా వైపు తిరిగి.

"చెప్పలే బాబా," అన్నాను. అది తెలుగులోనే వచ్చేసింది. ఆయనకు అర్థమైంది.

తర్వాత ఆయన రైఫిల్ అడిగి తీసుకుని గొట్టం లోపలికి చూడబోయాడు. కళ్లకు ఏమీ ఆనక భాయ్‌ను అడిగాడు. "నిజంగా అద్దంలా ఉందా?"

"వల్లా, ఒట్టేసి చెప్తున్నా, అద్దమే. మీ నాన్నగారు మంచి బేరగాడు. నేనైనా ఆ రెండింట్లో ఇదే తీసుకునేవాణ్ని."

వెళ్లేటప్పుడు భాయ్ గుమ్మం దగ్గర ఆగి నాకు జాగ్రత్తలు చెప్పాడు. "అక్కా, తీస్కపోయేటప్పుడు పొడి గుడ్డతోని తుడువు. నూనె పెట్టకు, కొయ్య తాగుతది. ముద్ర మీద చెయ్యి పెట్టకు, చెమట పడ్తె తుప్పు పడ్తది. మెత్తటి నూలు గుడ్డల చుట్టు."

"పిల్లను అత్తగారింటికి పంపినట్టు చెప్తున్నవ్ భాయ్."

"గంతే మరి. మీ బాబాకు గది పిల్లనే."

ఆయన వెళ్లిన వెంటనే బాబా ఫోన్ తీసి, ముందు ఆ దూరపు చుట్టానికే చేశాడు. "నువ్వన్నది సగం నిజం. ఇది ఫౌజుది కాదు. బజార్లో అరగదీసిందీ కాదు. మా నాన్న ఫౌజుదాన్ని వద్దని పక్కన పెట్టి దీన్ని ఎంచుకున్నాడు. హాల్లో కార్డు మీద కూడా అదే రాయిస్తాను," అని మొదలుపెట్టి, మస్కట్ దుకాణం కథ మొత్తం చెప్పాడు. రెండు రైఫిళ్లు పక్కపక్కన పెట్టిన చోటికి వచ్చేసరికి ఆయన గొంతు, తడిసిన మీసాల దగ్గర మారినట్టే మారింది. మూల నుంచి యుమ్మా, "దుకాణంవాడికి గడ్డం ఉందని కూడా చేరుస్తాడు చూడు," అంది నాతో.

మర్నాడు పొద్దున నేను రైఫిల్‌ను పొడి గుడ్డతో తుడిచాను. ముద్ర మీద చెయ్యి పడకుండా అంచులు పట్టుకున్నాను. ఇంట్లో చుట్టడానికి సరిపోయేంత పెద్ద గుడ్డలన్నీ గరుకువో, రంగు దిగేవో. నా పెట్టె తెరిచి, ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత నూలు చీర తీసి, రైఫిల్‌కు రెండు చుట్లు చుట్టాను. బాబా ముందు సీట్లో కూర్చున్నాడు. యుమ్మా తనూ వస్తానని పట్టుబట్టి వెనక ఎక్కింది. ఆమె పక్కన కూర్చుని, హాలు వచ్చేదాకా ఆ మూటను ఒళ్లో పెట్టుకున్నాను.